ముద్ద దిగేదాకా

మొగుడు అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని అతని గొంతు వైపే చూడటం సుబ్బులుకు గుంటూరు నుంచి వచ్చాక పట్టుకున్న రోగం. కాశయ్య ముద్ద నోట్లో పెట్టుకుంటాడు, నములుతాడు, గుటక వేస్తాడు. ఆ గుటక కిందికి జారేదాకా ఆమె ఊపిరి బిగబట్టే ఉంటుంది. జారాక మళ్లీ ఇంకో ముద్ద. కాశయ్య కొన్నాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఒకనాడు కంచం పక్కకు జరిపి అడిగాడు.

"ఏందే సుబ్బులూ, నా నోట్లో సినిమా ఏమన్నా ఆడతుండాదా? అట్ల చూస్తావేంది?"

"ఏం లేదులే మామా. కారం ఎక్కువైందేమో అని."

"కారం యాడుండాది? పత్యం కూడు మాదిరి సప్పగా చేసి పెడతుండావు. ఊరిబిండి డబ్బా యాడ దాపెట్టినావో అది చెప్పు ముందు."

ఆమె లేచి మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది. చెప్పాల్సింది ఊరిబిండి పచ్చడి సంగతి కాదని ఆమెకు తెలుసు.

వాళ్లది త్రిపురాంతకం దగ్గర ఒక చిన్న పల్లె. కాశయ్యకూ తమ్ముడు ఏడుకొండలుకూ కలిపి ఒక గొర్రెల మంద, రెండు ఎకరాల మెట్ట. జీవాల వెంట తిరిగి తిరిగి కాశయ్య కాళ్లు కట్టెల్లా గట్టిపడ్డాయి. అలాంటి మనిషికి గుండె జబ్బంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. అతనే మొదట నమ్మలేదు. ఉన్నట్టుండి రొమ్ములో ఏదో అడ్డదిడ్డంగా కొట్టుకోవడం, చెమటలు పట్టడం, కళ్లు తిరగడం, పూటో అరపూటో అయ్యాక దానంతట అది సర్దుకోవడం. ఎట్లా ఉంటుందిరా అని అడిగిన వాళ్లకు ఒకటే చెప్పేవాడు. "మందలోకి తోడేలు జొరబడితే జీవాలు ఎట్ల చెదురుతాయి? ఒకటి ఇటు, ఒకటి అటు. అట్లుంటది."

గాలి అన్నారు, దిష్టి అన్నారు, తాయెత్తు కట్టించారు. ఒక మధ్యాహ్నం కంది చేలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయేసరికి ఏడుకొండలు బండి మీద వేసుకుని మార్కాపురం పరిగెత్తాడు. అక్కడి నరేంద్ర డాక్టరు గుండె పటం తీసి, పైగదులు కొట్టుకోవాల్సినట్టు కొట్టుకోకుండా ఊరికే వణుకుతున్నాయని చెప్పాడు. ఆ వణుకులో నెత్తురు గడ్డ కడితే, ఆ గడ్డ తలకెక్కితే, ఒక పక్క పడిపోతుందని కూడా చెప్పాడు. నెత్తురు పలచబడే మాత్రలు, దడ తగ్గే మాత్రలు రాసిచ్చాడు. కొన్నాళ్లు పని చేశాయి. తర్వాత చేయలేదు. అప్పుడు ఆయనే గుంటూరులో శ్యాంసన్ అనే డాక్టరు దగ్గరికి పంపించాడు. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ గుండెలోకి పంపి, వణుకు పుట్టే చోట వేడితో కాలుస్తారట. కోతా కుట్టూ లేదు, మూడోనాటికి ఇంటికి రావచ్చునన్నాడు.

ఒక పక్క పడిపోవడం అంటే ఏమిటో సుబ్బులుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాశయ్య తండ్రి అట్లా పడ్డవాడే. ఏడేళ్లు మంచం మీద ఉన్నాడు. నోట్లో అన్నం పెట్టిందీ, పక్కన కారిందాన్ని తుడిచిందీ, ఒళ్లు కడిగిందీ ఆమే. ముసలాయన మాట పోయింది గానీ తెలివి పోలేదు. తుడిచేటప్పుడల్లా కళ్లు మూసుకునేవాడు. ఆ మూసుకున్న కళ్లు ఆమెకు ఇప్పటికీ కల్లోకి వస్తాయి.

గుంటూరులో శ్యాంసన్ డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో ఏడుకొండలు ఫోన్ చేశాడు. తొలిచూలు గొర్రె ఒకటి ఈనలేక యాతన పడుతోందట. కాశయ్య ఫోన్ చెవికి ఆనించుకుని వరండాలోకి పోయాడు. అందుకే అసలు మాట సుబ్బులు ఒక్కతే విన్నది.

"మీ ఇంటి గోడా పక్కింటి గోడా ఆనుకుని ఉన్నాయనుకోండమ్మా," అన్నాడు డాక్టరు. "మీ ఇంట్లో గోడవార పొయ్యి మండితే పక్కింటి గోడ కూడా వేడెక్కుతుంది కదా. గుండెకూ, అన్నం దిగే గొట్టానికీ మధ్య అంతే దూరం. మేం గుండెలో కాల్చే వేడి ఆ గొట్టానికి తగలొచ్చు. తగలకుండా గొట్టంలో కూడా వేడి చూసే తీగ పెట్టుకుంటాం, పెరిగిందంటే ఆపేస్తాం. అయినా ఎప్పుడో ఒకరికి అక్కడ పుండు పడుతుంది. ఇంకా అరుదుగా ఆ పుండు చిల్లు పడి గుండెకూ గొట్టానికీ దారి ఏర్పడుతుంది. వెయ్యి మందిలో ఒకరికి కూడా రాకపోవచ్చు. వస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది."

"వస్తే ఎట్ల తెలుస్తాది సార్?"

"వెంటనే తెలీదు. బాగైపోయాం, పనుల్లోకి పోదాం అనుకున్నాక, రెండు మూడు వారాల తర్వాత వస్తుంది. జ్వరం, మింగితే నొప్పి, రొమ్ములో నొప్పి. చెయ్యో కాలో తిమ్మిరెక్కడం, మాట తడబడటం. రెండు నెలల లోపల వీటిలో ఏది కనబడినా నాకు ఫోన్ చెయ్యండి. నోట్లోంచి కెమెరా గొట్టం వేస్తామని ఎవరన్నా అంటే వెయ్యనివ్వొద్దు."

కాశయ్య తిరిగొచ్చాక డాక్టరు అదంతా మళ్లీ చెప్పాడు. కాశయ్య తల ఊపాడు. "మీరు ఎట్లంటే అట్ల సార్" అన్నాడు. అతని మనసంతా ఈనలేని గొర్రె దగ్గరే ఉందని సుబ్బులు ఒక్కతే కనిపెట్టింది. బయటికొచ్చి మెట్లు దిగుతూ అడిగాడు.

"శానాసేపు చెప్పినాడు గదా, ఏందంట?"

అతను ముందురోజు అన్న మాట ఆమె చెవుల్లో అట్లాగే ఉంది. ప్రాణానికి ముప్పుందంటే చేయించుకోను, నా జీవాల మధ్యనే పోతా. ముప్పు వెయ్యిలో ఒకటా పదివేలలో ఒకటా అని లెక్క వేసే మనిషి కాదతను. ఉందంటే ఉంది.

"ఏం లేదు. రెండు నెలలు కారం తగ్గియ్యాలంట. మాత్రలు మానగూడదంట," అంది సుబ్బులు.

అట్లా అతను బల్ల ఎక్కాడు. అన్నీ సవ్యంగానే జరిగాయి. ఇంటికొచ్చిన వారానికి కాశయ్య మనిషే మారిపోయాడు. ఎడం చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని చూసుకునేవాడు. "సుబ్బులూ, పోరుపెట్టే అత్త తిరునాళ్లకు పోతే ఇల్లెంత నిమ్మళంగా ఉంటదో అట్లుండాది" అనేవాడు. ఏడాదిగా నవ్వని మనిషి నవ్వుతున్నాడు. అది చూసి ఊరంతా సుబ్బులును మెచ్చుకుంది. ఆమె మాత్రం ఒకచోట కూర్చోలేకపోయింది. దొడ్డి ఊడుస్తూ ఊడుస్తూ చీపురు పారేసి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. దగ్గితే ఉలిక్కిపడేది. చెయ్యి తిమ్మిరెక్కిందని ఒకసారి అతను విదిలించుకుంటే, ఆమె పట్టుకున్న చేద జారి బావిలో పడిపోయింది. చెప్పేద్దామనుకునేది. ఎదురుగా అతను నవ్వుతూ ఉంటే నోరు వచ్చేది కాదు.

కందులు ఎత్తేశాక పెద్దారవీడు వైపు రైతు ఒకాయన తన చేలో మంద పెట్టమని కబురు చేశాడు. గొర్రెలు పది పదిహేను రాత్రులు పడుకుంటే ఆ ఎరువుతో చేను బాగుపడుతుంది, మందకు మోళ్లూ ఆకూ దొరుకుతాయి. కాశయ్య గొంగడి భుజాన వేసుకున్నాడు.

"ఏడుకొండలు ఒక్కడు పోతాడు. నువ్వు ఈడనే ఉండు మామా," అంది సుబ్బులు.

"ఈడ ఉండి ఏం జెయ్యాల? నీ చూపుల కింద కూకోవాల్నా?"

అన్నదమ్ములిద్దరూ మందను తోలుకుని పోయారు. పాలు మరవని గొర్రెపిల్లలతో ఆమె ఇంటి దగ్గర ఉండిపోయింది.

రోజూ ఫోన్ చేసేది. ఆ చేలో సిగ్నలు ఒక్కోసారి దొరికేది, ఒక్కోసారి దొరికేది కాదు. దొరికినప్పుడు కాశయ్య "తిన్నా, బాగనే ఉండా, పెట్టెయ్" అని మూడు ముక్కల్లో తేల్చేవాడు. ఒకరోజు పొద్దున ఫోన్ ఏడుకొండలు ఎత్తాడు.

"అన్న ఏం జేస్తుండాడు?"

"పండుకోనుండాడు వదినా. రాత్రి చలేసిందంట, ఎండకు పండుకున్నాడు."

"అన్నం తింటుండాడా?"

"తినకేం. మన కర్రికుక్క గూడ తెగ బలిసింది. అన్న సగం దానికే పెడతుండాడు గదా. నేను తిడతానే ఉండా, నీ కడుపు మాడ్చుకుని కుక్కకు పెడతావేంది అని."

సుబ్బులు ఫోన్ పెట్టేసింది. కాశయ్యకు కుక్కంటే ప్రేమే గానీ పెట్టిన ముద్ద వదులుకునేంత ప్రేమ కాదు. పిల్లలను పక్కింటామెకు అప్పజెప్పి, కట్టుకున్న చీరతోనే రోడ్డు మీదికి పరిగెత్తింది. మార్కాపురం బస్సు ఎంతకీ రాలేదు. నిలబడలేక రోడ్డు వెంబడి నడవసాగింది. వెనకనుంచి బస్సు వచ్చి హారన్ కొడితే అప్పుడు ఎక్కింది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడే పోయింది.

కందికట్టె వామి పక్కన, నడినెత్తి ఎండలో, కాశయ్య గొంగడి కప్పుకుని పడుకుని ఉన్నాడు. ఆమె గొంగడి లాగి చెయ్యి వేసింది. పెనం మీద వేసినట్టయింది.

"ఎప్పుటి నుంచి?"

"ఏంది ఎప్పుటి నుంచి? ఎండ జరం. ఏడుకొండలు మాత్రలు తెచ్చినాడులే."

"మింగితే నొప్పి ఉండాదా?"

అతను గొంగడి మళ్లీ మీదికి లాక్కున్నాడు. సీసాలో నీళ్లు తీసి అతని చేతికిచ్చింది. "తాగు" అంది. ఒక గుక్క పోసుకున్నాడు. మింగేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆ మూసుకున్న కళ్లు చూడగానే సుబ్బులుకు ముసలాయన కళ్లు గుర్తొచ్చాయి.

సిగ్నలు కోసం గట్టెక్కి గుంటూరు ఆసుపత్రికి ఫోన్ చేసింది. డాక్టరుగారు లోపల కేసులో ఉన్నారు, వచ్చాక చెబుతాం అంది అవతలి పిల్ల. సుబ్బులు పేరు చెప్పింది, ఊరు చెప్పింది, జ్వరమని చెప్పింది, మళ్లీ పేరు చెప్పింది. ఏడుకొండలు అప్పటికే ఆటో మాట్లాడుకొచ్చాడు.

"గుంటూరు పోదాం," అంది ఆమె.

"ఆటోలో గుంటూరేంది వదినా. మార్కాపురం దగ్గర. నరేంద్ర సారు మనకు తెలిసినోడు. చూపించి, ఆయన పొమ్మంటే పోదాం."

అది నిజమే. నిజమైనా ఆమె మనసొప్పలేదు. ఆటోలో దారి పొడుగునా ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. అది మోగలేదు.

నరేంద్ర డాక్టరు కాశయ్యను పడుకోబెట్టి పొట్టా రొమ్మూ నొక్కి చూశాడు. నోరు తెరిపించి చూశాడు. గుండె దగ్గర గొట్టం పెట్టి విని మెచ్చుకోలుగా తల ఊపాడు. "గుండె భేషుగ్గా ఉంది కాశయ్యా. నెత్తురు పలచబడే మాత్రలు వేసుకుంటున్నావు కదా, కడుపులో పుండు పడుంటుంది. జ్వరం వేరే ఇన్ఫెక్షన్ కావచ్చు. పరగడుపునే ఉన్నావుగా, మిషన్ కిందనే ఉంది, కెమెరా వేసి చూసేద్దాం. అయిదు నిమిషాల పని."

"ఏసెయ్యండి సార్," అన్నాడు కాశయ్య. ఇక ఏదో ఒకటి తేలిపోతే చాలన్నట్టుంది అతని గొంతు.

నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది. సుబ్బులు తలుపుకు అడ్డంగా నిలబడింది.

"వద్దు సార్."

"ఎందుకమ్మా? నొప్పేం ఉండదు, మత్తు మందు చల్లుతాం."

"ఎందుకో నాకు తెలీదు సార్. గుంటూరు సారు ఎయ్యొద్దన్నాడు. గుండెకూ గొట్టానికీ నడమ ఏదో..." ఆమెకు మిగతాది గుర్తు రాలేదు. ఇన్నాళ్లూ పగలూ రాత్రీ నెమరేసుకున్న మాటలు అప్పుడే ఎటు పోయాయో పోయాయి. "గోడకు గోడ ఆనుకోనుంటది అన్నాడు సార్. జరం వస్తే ఫోన్ చెయ్యమన్నాడు. చేసినా. ఎత్తలా."

వదినా పక్కకు జరుగు అని ఏడుకొండలు భుజం పట్టుకోబోయాడు. డాక్టరు చెయ్యెత్తి అతన్ని ఆపాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కాశయ్య వైపు తిరిగాడు.

"గుంటూరులో చేయించి ఎన్నాళ్లయింది?"

"మూడు వారాలు దాటింది సార్," అంది సుబ్బులే.

డాక్టరు సొంత ఫోన్ తీసి, శ్యాంసన్ సొంత నంబరుకు చేసి వరండాలోకి నడిచాడు. అద్దాల తలుపు అవతల ఆయన వినడమే ఎక్కువగా, మాట్లాడటం తక్కువగా కనబడింది. తిరిగొచ్చేసరికి ముఖం మారింది.

"కుర్చీ తీసెయ్యండి. నోట్లోకి ఏదీ పోకూడదు, నీళ్లు కూడా. సెలైన్ పెట్టండి, అంబులెన్స్ పిలవండి," అని నర్సుకు చెప్పి, స్టూలు లాక్కుని మొగుడూ పెళ్లాల మధ్య కూర్చున్నాడు. "ఆ కెమెరాతో గాలి ఊదుతూ చూస్తామమ్మా. గొట్టానికి చిల్లు పడి ఉంటే ఆ గాలి గుండెలోకీ, అక్కణ్ణుంచి తలలోకీ పోతుంది. మనిషి అక్కడే పోవచ్చు. గుంటూరులో స్కానింగ్ తీసి చూస్తారు. ఈ జబ్బు సంగతి చదివానే గానీ మనిషిలో నేనెప్పుడూ చూడలేదు. నాకు తట్టాల్సింది, తట్టలేదు." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "చిల్లు లేకపోవచ్చు కూడా. కానీ ఉందనుకునే పోవాలి" అన్నాడు.

కాశయ్య డాక్టరును చూడటం లేదు. సుబ్బులును చూస్తున్నాడు.

అంబులెన్స్ త్రిపురాంతకం దాటింది. కిటికీలోంచి తమ ఊరికి పోయే మట్టిదారి వెనక్కి పోవడం ఇద్దరూ చూశారు.

"నీకు ముందే తెల్సు," అన్నాడు.

"తెల్సు."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే నువ్వు చేయించుకోవు."

"చేయించుకోను. నా పానం. నా ఇష్టం."

బండి గతుకుల్లో ఎగిరి పడింది. సెలైన్ సీసా ఊగింది. సుబ్బులు దాన్ని చేత్తో పట్టుకుని నిలబడింది. కూర్చోమని లోపలున్న మనిషి చెప్పినా వినలేదు.

"మీ నాయనకు ఏడేండ్లు నోట్లో అన్నం పెట్టినా మామా," అంది చివరికి. "నేనెప్పుడూ ఇసుక్కోలా. అయితే నీకు గూడ అట్ల పెట్టాల్నంటే నా వల్ల గాదు అనుకున్నా. అందుకే చెప్పలా."

కాశయ్య తల అటు తిప్పుకున్నాడు. అతని కంటి కొసనుంచి నీరు చెవి వైపు జారింది. అది నొప్పికో, తండ్రి తలపుకో ఆమెకు అర్థం కాలేదు. తుడవడానికి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

వినుకొండ దగ్గర పడుతుండగా ఈసారి ఆమె అడిగింది. "జరం వచ్చి ఎన్నాళ్లయింది? నిజం చెప్పు."

"మందతో పోయిన రెండో నాటి నుంచి. గొంతు నొప్పి అంతకు ముందే."

"ఇంట్లో ఉన్నప్పుడేనా?"

"ఊ."

"మరి నువ్వెందుకు చెప్పలా?"

"నీ మొకం చూసి," అన్నాడు కాశయ్య. మాట మాటకూ ఆయాసం వస్తోంది. "నేను తింటుంటే నువ్వు చూసేదానివి చూడు, ఆ చూపు చూస్తే నేను చచ్చిపోతానేమో అనిపించేది. నొప్పి అంటే ఇంక నువ్వేమైపోతావో అని. అందుకే మందను తోలుకొని పోయినా."

నరసరావుపేట దాటేదాకా సుబ్బులు ఆ సీసా పట్టుకుని నిలబడే ఉంది.

స్కానింగులో తేలింది. అన్నం దిగే గొట్టానికి చిల్లు పడింది. దాని వెంట గాలి బుడగలు గుండె వెనక దాకా పాకాయి. గుండె గోడ మాత్రం ఇంకా తెగలేదు. ఆ రాత్రికే రొమ్ము తెరిచారు. చిల్లు కుట్టి, పక్కటెముకల మధ్య కండను ఒక పట్టీలా మళ్లించి గుండెకూ గొట్టానికీ మధ్య అడ్డుగా పెట్టారు. గిద్దలూరులో ఉండే కూతురు ప్రసన్న మొగుడితో కలిసి పరిగెత్తుకొచ్చింది. అందరూ కుర్చీల్లో కూర్చుంటే సుబ్బులు వరండా ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంది. ప్రసన్న చెయ్యి పట్టి కూర్చోబెట్టేది. కూతురి మాట పూర్తవకముందే ఆమె లేచి నడిచేది.

మర్నాడు శ్యాంసన్ డాక్టరు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. "వేడి చూసుకుంటూనే చేశానమ్మా. ఎక్కడా హద్దు దాటలేదు. అయినా జరిగింది," అన్నాడు. తప్పించుకునే మాటలా లేదది.

"మీరు చెప్పినారు సార్," అంది సుబ్బులు. "మీరు చెప్పినారు గాబట్టే నేను నిద్రపోలా. ఆయనకు నేను చెప్పలా గాబట్టి ఆయన నొప్పి దాపెట్టినాడు. ఇప్పుడు నేను ఎవర్నని తిట్టాల?"

ఆమె నడక మొదలుపెడితే డాక్టరు కూడా ఆ వరండాలో కొంచెం దూరం ఆమెతో పాటు నడిచాడు.

కాశయ్య బతికాడు. తేలిగ్గా బతకలేదు. జ్వరం రెండుసార్లు తిరగబెట్టింది. ఊపిరితిత్తి పక్కన చీము చేరితే గొట్టం వేసి తీశారు. నోటితో తినడానికి లేదు కాబట్టి పొట్ట పక్కన పేగులోకి రబ్బరు గొట్టం పెట్టి, దాంట్లోంచి పాలూ, జావా, వడకట్టిన పప్పుకట్టూ ఎక్కించమని నేర్పి ఇంటికి పంపారు. ఏది తన వల్ల కాదనుకుందో అదే పని సుబ్బులు పూట పూటకూ చేసింది. సిరంజిలోకి జావ తీసి మెల్లగా తోస్తుంటే కాశయ్య దూలాల వైపు చూస్తూ పడుకునేవాడు. కొన్నాళ్లు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఒక పూట జావ తోస్తుండగా, "మా నాయన నిన్నెప్పుడన్నా తిట్టినాడా?" అని అడిగాడు.

"మాట లేదు గదా, ఎట్ల తిడతాడు."

"ఉంటే తిట్టేటోడు. నాకు తెల్సు, ఎంత కోపమొస్తుండాదో." సిరంజి వైపు చూసి, "నీ మీద గాదులే" అన్నాడు.

ఎండలు ముదిరాక గొట్టం తీశారు. మొదట నీళ్లు, తర్వాత గంజి, తర్వాత మెత్తగా పిసికిన అన్నం. మంద వెంట పోయే సత్తువ మాత్రం తిరిగి రాలేదు. ఏడుకొండలుతో పాటు ఇప్పుడు సుబ్బులే జీవాలను తోలుకుపోతోంది. కాశయ్య ఇంటి దగ్గర గొర్రెపిల్లలను చూసుకుంటున్నాడు.

తొలకరి పడిన కొన్నాళ్లకు గిద్దలూరు నుంచి కృపావరం అనే రిటైరైన టీచరు వచ్చాడు. ప్రసన్న వాళ్ల వీధే. ఆయన భార్య ఎస్తేరమ్మకు కాశయ్యకున్న దడే ఉందట, మాత్రలకు లొంగడం లేదట. ఆమెను వాకిట్లో కారులోనే కూర్చోబెట్టి ఆయన ఒక్కడే లోపలికొచ్చాడు.

"తమ్ముడూ, దాపరికం లేకుండా చెప్పు. చేయించొచ్చా?" అన్నాడు గొంతు తగ్గించి.

"గుండె మాత్రం ఆ దినం నుంచి ఈ దినం దాకా ఒక్కసారి గూడ చెదరలేదన్నా," అన్నాడు కాశయ్య. "అది అబద్ధం చెప్పగూడదు. మిగతాదంతా ప్రసన్న చెప్పే ఉంటది."

"చెప్పింది. అందుకే అడుగుతున్నా. ఎస్తేరుకు ఇదంతా తెలీదు. చెబితే అసలు ఆసుపత్రి గడప తొక్కదు."

అప్పుడే మందను దొడ్లో కలిపి వచ్చిన సుబ్బులు ఆ మాట గడపలో నిలబడి విన్నది. చేతిలో కట్టె గోడకు ఆనించి, తిన్నగా కారు దగ్గరికి పోయి తలుపు తెరిచింది. "లోపలికి రా అక్కా, ఉక్కపోతలో ఈడేం కూకుంటావు" అని చెయ్యి పట్టి దింపింది. కృపావరం లేచి ఎదురొచ్చాడు.

"ఆమె ముందర వద్దమ్మా. భయపడుతుంది."

"భయపడనీ అన్నా. గుండె ఆమెది గదా."

మంచం మీద ఎస్తేరమ్మను కూర్చోబెట్టి, తను కింద కూర్చుని, సుబ్బులు మొదటి నుంచి చెప్పింది. గోడకు గోడ సంగతి చెప్పింది. ఎంతమందిలో ఒకరికి వస్తుందన్నారో చెప్పింది. జ్వరం, గుటక నొప్పి, తిమ్మిరి, మాట తడబాటు, నోట్లోకి పోనివ్వకూడని గొట్టం, ఏదీ వదల్లేదు. ఆమె ఎక్కడన్నా ఆగితే కాశయ్య అందించాడు. చొక్కా ఎత్తి రొమ్ము పక్కన కుట్లు కూడా చూపించాడు. ఎస్తేరమ్మ ఒక్క మాట అడ్డం రాకుండా విన్నది. అంతా అయ్యాక చాలాసేపు కొంగు కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఇప్పుడేం తింటున్నావు నాయనా?" అంది కాశయ్యతో.

"మెత్తగా ఉడికితే అన్నీ తింటా అక్కా. కొంచెం కొంచెం, నిమ్మళంగా."

ఆమె తల ఊపి లేచింది. చేయించుకుంటాననీ అనలేదు, చేయించుకోననీ అనలేదు. కారు మట్టిదారి వెంట పోయాక కృపావరం ముఖం గుర్తొచ్చి సుబ్బులుకు దిగులేసింది.

"చెప్పకుండా ఉండాల్సిందేమో మామా."

"ఏమో," అన్నాడు కాశయ్య.

శ్రావణంలో ప్రసన్న ఫోన్ చేసింది. ఎస్తేరమ్మ తనంతట తనే గుంటూరు పోదామందట, చేయించుకుని ఇంటికొచ్చిందట, మనిషి హుషారుగా ఉందట. ఆ మాట విన్నప్పటి నుంచి సుబ్బులుకు కాలు ఒకచోట నిలవలేదు. జీవాల వెంట చేలో ఉన్నా మనసంతా గిద్దలూరులోనే. మందను ఏడుకొండలుకు వదిలి, సిగ్నలున్న గట్టు వెతుక్కుని ఎక్కి, కూతురి దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేసింది.

"నేనక్కా, త్రిపురాంతకం సుబ్బుల్ని. జరం ఏమన్నా ఉండాదా? గుటక బాగా దిగుతుండాదా?"

"బాగుందమ్మా. ఏం లేదు."

"లేకుంటే మంచిదే. ఉంటే అన్నకు చెప్పు. నాకు చెప్పు. దాపెట్టొద్దు."

"దాచను," అంది ఎస్తేరమ్మ. తర్వాత అవతల చిన్నగా నవ్వు వినిపించింది. "మా ఆయన పొద్దున్నుంచి నువ్వడిగిందే అడుగుతున్నాడు. రేపు నువ్వు చెయ్యొద్దులే, నేనే చేస్తా."

చేస్తానన్నా, సుబ్బులు మర్నాడు పొద్దెక్కకముందే ఆ గట్టెక్కి నిలబడింది.